ఇంట్లో బీపీ మిషన్: ఏడాది పైగా వాడాక నా రివ్యూ

ఈ రివ్యూ ఆటోమేటిక్ బీపీ మిషన్ గురించి, మోచేతికి పైన పట్టీ చుట్టి బటన్ నొక్కితే అదే గాలి కొట్టుకుని నంబర్ చూపిస్తుందే, అది. మేం నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాం, ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్య, పాప. ఏడాది పైనే అయింది మిషన్ కొని, పెద్దోళ్లం నలుగురం వాడతా ఉన్నాం, పక్కింటి పిన్నమ్మ కూడా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఇంట్లో నలభై దాటినోళ్లు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు అంటాను, కానీ కొన్నాక ఎట్టా కూర్చుని చూసుకోవాలో తెలియకపోతే మాత్రం అది చూపించే నంబర్‌తో లేనిపోని భయమో, లేనిపోని ధైర్యమో వస్తుంది. అందుకే ఈ రివ్యూలో మిషన్ గురించి సగం, కూర్చోడం గురించి సగం రాస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేవి చాలావరకు ఏ కంపెనీ దానికైనా వర్తిస్తాయి.

ఎందుకు కొన్నామంటే, అత్తయ్యకి బీపీ టాబ్లెట్ ఎప్పట్నుంచో ఉంది. ఆస్పత్రికి పోయినప్పుడల్లా ఆటో దిగి, మెట్లెక్కి, జనంలో గంటసేపు కూర్చుని, పేరు పిలవగానే గబగబా లోపలికి పోతే అక్కడ సిస్టర్ వెంటనే పట్టీ చుట్టేస్తుంది, పై నంబర్ నూట అరవై పైన వస్తుంది, ఇంక అత్తయ్య ఆ రోజంతా దిగులే. మేం చూపించే డాక్టర్ గారు మంచాయన, వెంటనే మందు పెంచకుండా ఒక మాట చెప్పాడు, "అమ్మా, ఇంట్లో ఒక వారం పొద్దున సాయంత్రం చూసి రాసుకురండి, అది చూసి ఆలోచిద్దాం" అని. ఆస్పత్రిలో చూస్తే పెరిగి ఇంట్లో చూస్తే తగ్గేవాళ్లు చాలామంది ఉంటారంట, దాన్ని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటారు. అట్టా కొన్నాం. వారం రాసి తీసుకుపోతే అత్తయ్యవి చాలావరకు నూట ముప్పైల్లోనే ఉన్నాయి, డాక్టర్ గారు చూసి అదే డోసు కంటిన్యూ చేయమన్నాడు.

అసలు విశేషం మామయ్యది. ఆయనకి జన్మలో బీపీ చూపించుకునే అలవాటే లేదు, "నాకేంది, నిక్షేపంగా ఉన్నా" అనేవాడు. మిషన్ ఇంట్లో ఉంది కదా అని సరదాగా కట్టించుకుంటే నూట యాభై పైన వచ్చింది. మరుసటి రోజు కూడా అంతే, ఆ తర్వాత కూడా అంతే. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏమీ లేదు. బీపీతో ఉన్న చిక్కే అది, చాలామందికి ఏ గుర్తూ కనపడదు, లోపల మాత్రం గుండె, కిడ్నీలు, మెదడు నరాలు దెబ్బతింటా ఉంటాయి. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తంమీద 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువుందని లేదా దానికి మందు వాడుతున్నారని తేలింది. అంటే మన వీధిలో నాలుగైదుగురు పెద్దోళ్లని పిలిస్తే ఒకరికి ఉన్నట్టే. మామయ్యకి ఇప్పుడు టాబ్లెట్ మొదలైంది, ఆయన అయిష్టంగానే వేసుకుంటాడు గానీ వేసుకుంటాడు, పొద్దున నంబర్ చూసుకుని సంతోషపడతాడు కూడా.

కొనే సంగతికొస్తే, పొగతోటలో ఆస్పత్రుల సందుల్లో మెడికల్ షాపుల్లో అన్ని రకాలూ ఉంటాయి, ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకి వస్తాయి. మామూలుది రెండు వేలకి అటూ ఇటూగా ఉంటుంది. బ్లూటూత్, ఫోన్ యాప్, మాట్లాడే మిషన్ అని పైకి పోయేకొద్దీ రేటు పెరుగుతుంది గానీ వాటి అవసరం నాకైతే కనపడలేదు, ఒక పెన్ను, ఒక నోట్‌బుక్ చాలు. మణికట్టుకి కట్టేవి చిన్నగా ముద్దుగా ఉంటాయి, బ్యాగులో పడతాయి, కానీ అవి చేతిని సరిగ్గా గుండె ఎత్తులో పట్టుకోకపోతే తప్పు చూపిస్తాయి, అందుకే డాక్టర్లు మామూలుగా పైచేతి మిషన్‌నే తీసుకోమంటారు. వాచీల్లో చూపించేది, ఫోన్ కెమెరా మీద వేలు పెడితే చెప్తాం అనే యాప్‌లు, వాటిని నమ్మి మందు సంగతి ఆలోచించొద్దు దయచేసి. ఇంకొకటి, మిషన్‌ని నిజంగా టెస్ట్ చేసి సరిగ్గా చూపిస్తుందని తేల్చిన లిస్టులు ఉంటాయి, స్ట్రైడ్ బీపీ అనే వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి చూడొచ్చు. షాపులో ఆఫర్ ఉందని కాకుండా ఆ లిస్టులో ఉందా లేదా చూసి కొనండి.

అన్నిటికంటే ముఖ్యం పట్టీ సైజు, దీన్ని షాపులో ఎవరూ అడగరు, మనమే అడగాలి. భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టుకొలత టేపుతో కొలుచుకోండి. మామూలు పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసుంటుంది, చెయ్యి అంతకంటే లావైతే పెద్ద పట్టీ తీసుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగించి చూస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, సన్న చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్న బీపీ తక్కువ చూపిస్తుంది. మా ఆయన చెయ్యి లావు, ఆయన కోసం పెద్ద పట్టీ విడిగా కొన్నాం. షాపులో అబ్బాయి మా ఆయన్ని నిలబెట్టి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా మీదనే చిన్న పట్టీ చుట్టి, రేటు మాట్లాడతానే బటన్ నొక్కాడు, నూట నలభై ఎనిమిది చూపించింది. ఇంటికొచ్చి చొక్కా తీసి, కాసేపు కూర్చోబెట్టి, తర్వాత పెద్ద పట్టీతో చూస్తే నూట ఇరవైల్లోకి వచ్చింది. మనిషి అదే, మిషన్ అదే.

ఇది పనిచేసే పద్ధతి కొంచెం తెలిస్తే ఎందుకంత పట్టింపో అర్థమవుతుంది. ఇటలీ డాక్టర్ రివా-రోచి 1896లో చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పద్ధతి తెచ్చాడు, 1905లో రష్యా డాక్టర్ కొరొట్‌కాఫ్ స్టెతస్కోప్ పెట్టి శబ్దాన్ని బట్టి పై నంబర్ (గుండె రక్తాన్ని నెట్టేటప్పటి ఒత్తిడి), కింది నంబర్ (గుండె సడలినప్పటి ఒత్తిడి) చెప్పే పద్ధతి కనిపెట్టాడు, మన చిన్నప్పుడు డాక్టర్ రూమ్‌లో టేబుల్ మీద ఉండే పొడుగు పాదరసం డబ్బా అదే. ఇంట్లో వాడే మిషన్‌కి చెవులు లేవు, పట్టీలో గాలి నింపి మెల్లగా వదిలేటప్పుడు నరంలో రక్తం కొట్టుకునే అదురుని పట్టుకుని లెక్క కడుతుంది. కాబట్టి మనం చెయ్యి కదిలించినా, మాట్లాడినా, దగ్గినా దాని లెక్క చెడుతుంది.

ఇంక కూర్చోడం. ఇది పూర్తిగా చదవండి, మిషన్ కొనకపోయినా ఆస్పత్రిలో పనికొస్తుంది. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ తాగకూడదు, సిగరెట్ తాగకూడదు, నడిచొచ్చిన వెంటనే చూసుకోకూడదు. బాత్రూమ్‌కి పోయి రావాలి, ఆపుకుని కూర్చుంటే పది పాయింట్ల దాకా పెరుగుతుంది. వీపు ఆనించుకునే కుర్చీలో కూర్చోవాలి, మంచం అంచున, ముక్కాలి పీట మీద కాదు. రెండు పాదాలూ నేల మీద, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి టేబుల్ మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తుకి వచ్చేలా ఉండాలి, మా డైనింగ్ టేబుల్ కొంచెం కిందికి ఉంటుందని చేతి కింద దిండు పెడతాం. చెయ్యి గాల్లో వేలాడేసినా, ఎవరూ పట్టుకోకుండా మనమే పైకెత్తి ఉంచినా ఎక్కువ చూపిస్తుంది. పట్టీ చర్మం మీదనే చుట్టాలి, జాకెట్ చేతులు బిగుతుగా ఉంటే పైకి జరిపితే అది పైన బిగుసుకుని ఇంకో తాడు కట్టినట్టవుతుంది, అందుకే అత్తయ్య పొద్దున లూజు నైటీలో ఉన్నప్పుడే చూసుకుంటుంది. మోచేతి మడతకి రెండు సెంటీమీటర్లు పైన పట్టీ కింది అంచు ఉండాలి, ట్యూబు మోచేతి లోపలి వైపుకి రావాలి, వేలు దూరేంత వదులు ఉండాలి.

ఇవన్నీ అయ్యాక, పట్టీ చుట్టుకుని ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. మాటల్లేవు, టీవీ లేదు, ఫోన్ లేదు. తర్వాత బటన్ నొక్కాలి. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోవాలి. మొదటిసారి మాత్రం రెండు చేతులకీ చూసి, ఏ చేతికి ఎక్కువొస్తే ఎప్పుడూ ఆ చేతికే చూసుకోవాలి, రెండు చేతుల మధ్య తేడా ఎప్పుడు చూసినా పది కంటే ఎక్కువుంటే డాక్టర్‌కి చెప్పాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా (చేతిలో రక్తనాళాలు కలిపి వేసే దారి) పెట్టిన చేతికి పట్టీ కట్టకూడదు, అది గుర్తుంచుకోండి.

నేను ఈ మిషన్‌కి అంత రేటింగ్ ఇవ్వడానికి కారణం ఆ ఐదు నిమిషాలు. మా అత్తయ్య తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తుంది, వాకిలి చిమ్మి ముగ్గేసి, పాలు కాచి, పప్పు నానేసి, మామయ్యకి కాఫీ, పాపకి జడ, ఒక దాని వెంట ఇంకొకటి, కూర్చోడం అనేది ఆమె పొద్దుల్లో లేనేలేదు. నేను కూర్చో అత్తయ్యా అంటే "కూర్చుంటే పన్లెవరు చేస్తారు మే" అనేది. ఇప్పుడు డాక్టర్ గారు చెప్పాడు కాబట్టి, మిషన్ కోసం కాబట్టి, వసారాలో కుర్చీ వేసుకుని వీపు ఆనించి కళ్లు మూసుకుని కూర్చుంటుంది, ఎవరూ పిలవకూడదు. పిలిస్తే నంబర్ పెరుగుతుందని పాప కాపలా. కొన్నాళ్లకి ఆమే ఒకరోజు చెప్పింది, "ఈ ఐదు నిమిషాలు నావేనమ్మా" అని. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇప్పుడు రోజూ చూడాల్సిన పని లేదు, డాక్టర్ గారు వారంలో ఒకట్రెండు సార్లు చాలన్నాడు, అయినా ఆమె కుర్చీ వేసుకోడం మానలేదు, పట్టీ లేకుండానే కూర్చుంటుంది, ఒక్కోసారి పది నిమిషాలు. ఆ టైంలో పాలు నేను కాస్తా.

మా ఆయనది ఇంకో రకం. కృష్ణపట్నం వైపు పని, సాయంత్రం ఇంటికొస్తే ఫోన్ చేతిలోనే ఉంటుంది, తింటా ఫోన్, పడుకునేదాకా ఫోన్. సాయంత్రం రీడింగ్ కోసం ఫోన్ టేబుల్ అవతల పెట్టి కూర్చోడం మొదలుపెట్టాక ఆ నిశ్శబ్దం తర్వాత మామూలుగా మాట్లాడతాడు, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్తాడు, పాప నోట్‌బుక్‌లో నంబర్ రాసి "నానా, నిన్నటికంటే తగ్గింది" అంటుంది. ఊపిరి మెల్లగా తీసి మెల్లగా వదలడం కూడా అప్పుడే అలవాటైంది ఆయనకి. రెండు వేల రూపాయల వస్తువు వల్ల ఇంట్లో రోజుకి రెండుసార్లు టీవీ ఆగుతుందని నేను కొనేటప్పుడు అనుకోలేదు, మీరు కొంటే ఇది కూడా లెక్కలో వేసుకోండి.

నంబర్ల సంగతి. ఆస్పత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటారు కదా, ఇంట్లో చూసుకునేదానికి ఆ గీత 135/85. ఒక్క రీడింగ్ చూసి ఏదీ తేల్చుకోకూడదు. ఒక వారం పాటు పొద్దున టాబ్లెట్, టిఫిన్ కంటే ముందు రెండుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు, డాక్టర్ చూసేది ఆ సగటునే. నంబర్ తగ్గింది కదా అని టాబ్లెట్ ఆపేయడం మా వీధిలో చాలామంది చేస్తా ఉంటారు, అది టాబ్లెట్ వల్లే తగ్గింది, ఆపితే మళ్లీ పైకి పోతుంది. పెంచడం, తగ్గించడం, ఆపడం డాక్టరే చెప్పాలి. పై నంబర్ 180 గానీ కింది నంబర్ 120 గానీ దాటితే కంగారు పడకుండా ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడాలి, అట్టానే ఉంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, మూతి వంకర పోవడం, ఒకపక్క చెయ్యి కాలు చచ్చుబడడం, చూపు మసకబారడం, వీటిలో ఏదున్నా మళ్లీ చూసుకుంటా కూర్చోవద్దు, వెంటనే 108. కడుపుతో ఉన్నోళ్లకి 140/90 వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిందే.

ఇంట్లో నంబర్ కనపడతా ఉంటే తిండి మీద కూడా కన్ను పడుతుంది, ఇది నిజం. మా అమ్మోళ్లది అల్లూరు, ఇస్కపల్లి ఉప్పు కొటార్లు చూస్తా పెరిగినోళ్లం, మాకు ఉప్పు అంటే లెక్కే లేదు. సద్దన్నంలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, పక్కన ఊరమిరపకాయ, ఉప్పుచేప, వడియం, పైన ఆవకాయ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దోళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే తలకొట్టిన ఒక టీస్పూను, కూరలో, పచ్చడిలో, బయట తిన్న మిక్చర్‌లో అన్నీ కలిపి. నేను లెక్కేసి చూశా, పెద్దోళ్లం నలుగురికి నెలకి 600 గ్రాములు. మా ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరక్కుండానే అయిపోయేది, పచ్చళ్లలోది, అప్పడాల్లోది దానికి అదనం. ఒక్కసారిగా తగ్గిస్తే మామయ్య కంచం నెట్టేస్తాడని మెల్లగా తగ్గించా. టేబుల్ మీద ఉప్పు గిన్నె తీసేశా, అన్నంలో, మజ్జిగలో వేయడం మానేశా, ఆ బదులు మజ్జిగలో నిమ్మకాయ, కరివేపాకు, అల్లం దంచి వేస్తా. చేపల పులుసు మానలేదు, నెల్లూరోళ్లని అది మానమంటే ఎవరూ వినరు, చింతపండు పులుపు, మామిడికాయ ముక్క సరిగ్గా పడితే ఉప్పు తక్కువైనా తెలియదు, ఇది నేను చేసి చూసి చెప్తున్నా. ఉప్పుచేప మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. ఆవకాయ రోజూ ఉండేది, ఇప్పుడు ఆదివారం, అంతే. కొన్నాళ్లకి నాలుకే మారిపోయింది, బయట హోటల్లో కారందోశ తింటే ఇంత ఉప్పా అనిపిస్తా ఉంది.

చాలామంది కల్లుప్పు, సైంధవ లవణం వాడితే బీపీ రాదంటారు, అది నిజం కాదు, అవి కూడా ఉప్పే, సోడియమే. షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం కలుపుతారు, కొంతమందికి మంచిదే గానీ కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు, కొన్ని రకాల బీపీ టాబ్లెట్లు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టకూడదు.

నడక గురించి అందరూ చెప్పేదే కాబట్టి ఎక్కువ రాయను, వారానికి 150 నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున, కొంచెం ఊపుగా నడిస్తే చాలు. మామయ్య సాయంత్రం నెల్లూరు చెరువు కట్ట వైపు పోతాడు, నేను కుదిరినప్పుడు పోతా. నడిచిన రోజు నిద్ర బాగా పడుతుంది, అది నాకు నంబర్ కంటే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు నాకు నచ్చనివి. బ్యాటరీలు పెట్టెలో ఇచ్చినవి తొందరగా అయిపోయాయి, నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి, అవి వీకయ్యాక పట్టీలో గాలి సగం కొట్టి ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుంది. అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి, అది పెట్టెలోనే ఇవ్వొచ్చు కదా. మెమరీ ఒక మనిషికే, నలుగురం వాడేసరికి ఎవరిది ఎవరిదో తెలియక కలిసిపోతాయి, అందుకే నోట్‌బుక్. మాన్యువల్‌లో తెలుగు లేదు, ఊర్లో మా అమ్మలాంటోళ్లు చదువుకోలేరు, బొమ్మలు చూసి అర్థం చేసుకోవాల్సిందే, ఈ దేశంలో అమ్మే వస్తువుకి అంత చిన్న సాయం చేయకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. డిస్‌ప్లేలో లైటు లేదు, తెల్లవారుజామున మామయ్యకి కళ్లద్దాలుంటే గానీ కనపడదు. గుండె ఒక లయలో కొట్టుకోనోళ్లకి ఇది సరిగ్గా పట్టుకోలేదు, పిన్నమ్మకి చూసినప్పుడల్లా గుండె గుర్తు వెలిగి ఒక్కోసారి ఒక్కో నంబర్ వచ్చింది, మేం ఊరకుండకుండా డాక్టర్ దగ్గరికి పంపించాం, ఆయన ఈసీజీ తీయించి మందు రాశాడు. ఆ గుర్తు మళ్లీ మళ్లీ వెలిగితే మీరు కూడా చూపించుకోండి.

మనుషుల వైపు నుంచి వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఇంట్లో మిషన్ ఉంది కదా అని కొందరు పొద్దస్తమానం చూసుకుంటా ఉంటారు. మా బంధువుల్లో ఒకాయన కొంచెం ఎక్కువొస్తే భయం, ఆ భయంతో మళ్లీ చూస్తే ఇంకా ఎక్కువ, అట్టా రాత్రి పూట కూడా లేచి చూసుకునేవాడు, చివరికి వాళ్లావిడ మిషన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. మంచి పనే చేసింది. అట్టాంటి గాబరా మనిషి మీ ఇంట్లో ఉంటే వారానికి ఫలానా రోజు, ఫలానా టైం అని పెట్టుకుని, మిషన్ ఇంకొకరి దగ్గర ఉంచండి.

మన నెల్లూరు ఎండల గురించి కూడా ఒక మాట. బీపీ మామూలుగానే ఎండాకాలంలో కాస్త తగ్గుతుంది, చలికాలంలో కాస్త పెరుగుతుంది. రోహిణి కార్తెలో చెమటలు పోసి, నీళ్లు సరిగ్గా తాగక, దానికి తోడు టాబ్లెట్ కూడా వేసుకుంటే పెద్దోళ్లకి కూర్చుని లేవగానే కళ్లు తిరగొచ్చు. మామయ్యకి మే నెలలో అట్టా అయింది, కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూసి రాసి డాక్టర్ గారికి చూపిస్తే ఎండలు తగ్గేదాకా డోసు మార్చాడు. ఇంట్లో మిషన్ లేకపోతే అది ఏదో నీరసంలే అనుకునేవాళ్లం.

ఎవరు కొనాలంటే, బీపీ టాబ్లెట్ వాడేవాళ్లు, షుగర్ ఉన్నోళ్లు, కిడ్నీ సమస్య ఉన్నోళ్లు, అమ్మానాన్నలకి బీపీ ఉన్నోళ్లు తప్పకుండా కొనండి. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు పక్కపక్క ఇళ్లలో ఉంటే అందరికీ ఒకటి చాలు, పట్టీలు మాత్రం ఎవరి సైజుకి వాళ్లవి ఉండాలి. డబ్బులు కష్టమైతే కొనకపోయినా పర్లేదు, ఊర్లో ఆరోగ్య కేంద్రంలో బీపీ ఫ్రీగా చూస్తారు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో బీపీ టాబ్లెట్లు ఫ్రీగా ఇస్తారు, పోయి పైన చెప్పినట్టు కూర్చుని చూపించుకోండి, ఏఎన్ఎం అమ్మాయిని "కాసేపు కూర్చుంటానమ్మా, తర్వాత చూడు" అని అడిగితే ఏమీ అనుకోదు.

కొన్నోళ్లు ఏడాదికోసారి మిషన్‌ని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి, ఆయన చూసే దాంతో పాటు మనది కూడా పెట్టి రెండూ దగ్గర దగ్గరగా వస్తున్నాయా చూసుకోండి. పట్టీని గట్టిగా మెలిపెట్టి చుట్టొద్దు, ట్యూబు మడత పడితే అక్కడ పగులుతుంది, మాది అట్టా పాడు కాకుండా పెట్టెలోనే పెడతాం. నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసేసి పెట్టండి. కొనడానికి పోయేటప్పుడు ఇంట్లో అందరి చేతుల కొలతలు ఒక చీటీ మీద రాసుకుని పోండి, బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి, వారంటీకి అదే అడుగుతారు.